పాట మనది, పెట్టె ఎవరిది?

మన గూడేలకు పాట కోసం మనుషులు రావడం కొత్త కాదు. ఒకప్పుడు టేప్ రికార్డర్ భుజాన వేసుకొని వచ్చారు. తర్వాత వీడియో కెమెరాతో వచ్చారు. ఇప్పుడు సెల్‌ఫోన్, డ్రోన్ పట్టుకొని వస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్లకూ మనం మంచం వాల్చాం, చాయ్ పోశాం, రాత్రంతా పాడాం. తెల్లారేసరికి వాళ్లు బండెక్కి పోయారు. వాళ్లతో పాటు పాట కూడా పోయింది. పోయిన పాటల్లో తిరిగి గూడేనికి వచ్చినవి ఎన్ని? ఏ ఊరి పెద్దనైనా అడిగి చూడండి. వేళ్ల మీద లెక్క పెట్టడానికి కూడా దొరకవు.

మేం ఉట్నూరు ఏజెన్సీలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతున్నాం. స్టూడియో అనగానే సినిమాల్లో చూపించే అద్దాల గది అనుకోవద్దు. ఒకే గది. గోడలకు పాత బొంతలు వేలాడదీశాం. బయట చప్పుడు లోపలికి రాకుండా తలుపుకు చద్దర్లు కట్టాం. పైన రేకులు. వాన పడితే ఆ రోజు పని బంద్. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎంతసేపు ఆగితే అంతసేపే పాట. ఒక పాత ల్యాప్‌టాప్, రెండు మైకులు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు జతల హెడ్‌ఫోన్లు, అంతే మా ఆస్తి. నడిపేవాళ్లం గోండు, కొలాం, తోటి, ప్రధాన్ ఇళ్ల పిల్లలం. ఈ గదిలో మేం నేర్చుకున్నదీ, పోగొట్టుకున్నదీ, సిగ్గుపడ్డదీ మీ ముందు పెడుతున్నాం. మమ్మల్ని మెచ్చుకోవాలని కాదు. మీ ఊళ్లో కూడా ఇలాంటి గది ఒకటి లేవాలని.

ముందు మేం సిగ్గుపడ్డ సంగతి చెప్తాం. మొదట్లో ఒక అవ్వను పిలిచి పెళ్లిపాట పాడించాం. పసుపు దంచేటప్పుడు పాడే పాట. మైకు ముందు కూర్చోబెడితే ఆమెకు పాట రాలేదు. చేతిలో రోకలి లేకుండా, పక్కన వంత అందుకునే ఆడవాళ్లు లేకుండా పాట ఎట్లా వస్తుంది? మరుసటి వారం ఆమె తోడికోడళ్లను కూడా పిలిచాం. రోలు తెచ్చి గదిలో పెట్టాం. అప్పుడు వచ్చింది పాట, ఆగకుండా, అరగంట. ఆమెకు ఒక చీర పెట్టి పంపాం. పాటను ఆమె పేరుతోనే మా ఛానల్‌లో పెట్టాం. మంచి పని చేశామని అనుకున్నాం.

కొన్ని నెలలు గడిచాయి. అదే గొంతు కింద డీజే దరువు వేసి, నాలుగు చరణాలను నలభై సెకన్లకు కోసి, పట్నం వాళ్ల ఛానల్ ఒకటి పాట వదిలింది. అవ్వ పేరు లేదు. ఊరి పేరు లేదు. 'ట్రైబల్ ఫోక్ మిక్స్' అని రాసి, కింద వాళ్ల కంపెనీ పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత అసలు దెబ్బ తగిలింది. మేం పెట్టిన పాట మీదనే నోటీసు వచ్చింది, ఈ శబ్దం వేరేవాళ్ల సొత్తు అని. వీడియోలను సరిపోల్చే యంత్రానికి ముందు ఎవరు పాడారన్నది అక్కరలేదు. ముందు ఎవరు రిజిస్టర్ చేశారన్నదే కావాలి. వాళ్లు చేసుకున్నారు, మేం చేసుకోలేదు. కాబట్టి అవ్వ గొంతు అవ్వది కాకుండా పోయింది.

ఇంగ్లీషులో అభ్యంతరం రాశాం. తిరగ్గొట్టారు. మళ్లీ రాశాం. ఆధారాలు చూపించమన్నారు. మా దగ్గర ఏముంది? అవ్వ సంతకం లేదు, వేలిముద్ర లేదు, రికార్డు చేసిన తేదీ రాసిన కాగితం లేదు. చివరికి ఎడిటింగ్ చేయని అసలు ఫైలు, అందులో రోలు జరుపుతున్న చప్పుడుతో సహా బయటపెట్టి, వారాల తరబడి తిరిగి, ఆ నోటీసును తీయించాం. కానీ అప్పటికే ఆ డీజే పాట మన పెళ్లిళ్లన్నిట్లో మోగుతోంది. అవ్వ మనవడే దాన్ని ఫోన్‌లో పెట్టి వినిపించాడు. ఆమె మమ్మల్ని పిలిపించి అడిగింది, "ఈ గొంతు నాదే గద బిడ్డా? మరి నా పేరెందుకు చెప్తలేరు?"

మేం జవాబు చెప్పలేకపోయాం. దొంగతనం చేసింది పట్నం వాళ్లే కావచ్చు. కానీ తలుపు తాళం వేయకుండా ఉంచింది మేం. చీర పెట్టి పంపిన మాకూ, చాయ్ తాగి పోయిన వాళ్లకూ ఆ రోజు పెద్ద తేడా లేదు.

ఈ దెబ్బ తర్వాతనే మేం చట్టం చదివాం. అందులో ఉన్నది మన పిల్లలందరికీ తెలియాలి. 1957 కాపీరైట్ చట్టంలో, ఎవరు కట్టారో తెలియని జానపదాలకు ప్రత్యేకంగా రక్షణ లేదు. మన పాటల్లో చాలావాటికి కట్టినవాళ్ల పేరు ఉండదు గనుక, 'ఇది ఎవరిదీ కాదు, అందరిదీ' అని వాదించేవాళ్లకు ఇది బాగా కలిసి వస్తుంది. కానీ అదే చట్టంలో రికార్డింగ్‌కు యజమాని ఉన్నాడు. రికార్డు చేయడానికి పూనుకొని, బాధ్యత తీసుకున్న నిర్మాతే ఆ రికార్డింగ్‌కు హక్కుదారు. ఆ హక్కు 60 ఏళ్లు ఉంటుంది. అర్థమైందా? పాటకు యజమాని లేడు, పాట పట్టిన పెట్టెకు ఉన్నాడు. వెయ్యేళ్లు పాడినవాళ్లకు లేని హక్కు, ఒక్క పూట మైకు పెట్టినవాడికి వస్తుంది. అందుకే అడుగుతున్నాం, పాట మనదే, ఒప్పుకుంటాం, పెట్టె ఎవరిది?

చట్టంలో మనకు పనికొచ్చే మాట కూడా ఒకటి ఉంది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు, ఆడినవాళ్లకు 38వ సెక్షన్ కింద ప్రదర్శకుల హక్కు ఉంది. అది 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పేచోట ఆ చట్టం గాయకుణ్ణి, నర్తకుణ్ణి, చివరికి పాములాడించేవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకుంది. 2012 సవరణతో ఇంకో రెండు సంగతులు చేరాయి. పాడినవాళ్లు తమ పేరు చెప్పమని అడగవచ్చు. తమ పాటను వికృతం చేసి తమ పరువు తీస్తే అడ్డుకోవచ్చు. అంటే అవ్వ అడిగిన ప్రశ్న వట్టి ముసలామె బాధ కాదు, చట్టంలో రాసి ఉన్న హక్కు. ఆమెకు తెలియదు. మాకూ తెలియదు. తెలిసినవాళ్లు మనకు చెప్పలేదు.

'పాట అందరిదీ, దానికి కంచె వేస్తారా?' అని మమ్మల్ని అడిగేవాళ్లున్నారు. చదువుకున్నవాళ్లే, మన మేలు కోరేవాళ్లమని చెప్పుకునేవాళ్లే అడుగుతారు. వాళ్లకు మా జవాబు ఇది. అడవి కూడా అందరిదీ అన్నారు. తర్వాత రిజర్వు ఫారెస్టు అన్నారు, మనల్ని ఆక్రమణదారులన్నారు. 'అందరిదీ' అన్న మాట మన దగ్గర తీసుకునేటప్పుడే ఎందుకు వినబడుతుంది? ఆ కంపెనీ తన మిక్స్ పాటను అందరిదీ అని వదిలేసిందా? మేం అవ్వ పాటను పెడితే మా మీద నోటీసు ఎందుకు వేసింది? గూడెం దాటేదాకా అందరిదీ, గూడెం దాటాక వాళ్లదీ. ఇది పంచుకోవడం కాదు.

'మిక్స్ చేస్తేనే గదా మీ పిల్లలు వింటున్నారు' అని ఇంకో మాట. దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి, మన పిల్లలకు వేరేది వినే అవకాశం ఎవరిచ్చారు? పెళ్లిలో డీజే బాక్సులే, ఆటోలో అవే, బడి వార్షికోత్సవంలోనూ అవే. రెండు, పాట మారకూడదని మేం అనడం లేదు. మన పాట ఎప్పుడూ మారుతూనే వచ్చింది. బస్సు వస్తే బస్సు మీద పాట కట్టాం, మిషన్ వస్తే మిషన్ మీద కట్టాం. గిటార్ పెట్టి గోండి పాట పాడే తమ్ముడు మా గదికి వస్తాడు, సంతోషంగా రికార్డు చేస్తాం. మార్చేది ఎవరు, ఎవర్ని అడిగి మారుస్తున్నారు, మార్చాక పేరెవరిది, పైసలెవరివి, మా గొడవ వీటి గురించే.

పెట్టె మన చేతిలో ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. అది పైసలకు, పేరుకు సంబంధించింది కాదు, చెవికి సంబంధించింది. పట్నం స్టూడియోలో మొదట కంప్యూటర్‌లో టిక్, టిక్ అని తాళం పెడతారు. ఒక్కొక్కరినీ వేరువేరుగా పిలిచి ఆ టిక్ మీద వాయించమంటారు. మన దండారి వాయిద్యం అట్లా నడవదు. ఆడేవాళ్ల కాళ్లను చూసి గుమేల నడుస్తుంది. గుమేలను విని పర్ర, డోలు నడుస్తాయి. ఆట వేడెక్కినకొద్దీ దరువు వేగం పెరుగుతుంది. పెరగాలి. టిక్ మీద పెడితే అది తప్పు వాయించినట్టు కనబడుతుంది. పెప్రె స్వరాలు కీబోర్డు మెట్ల మీద సరిగ్గా కూర్చోవు. వాటిని యంత్రంతో లాగి కూర్చోబెడతారు. అప్పుడు పెప్రె షెహనాయిలా వినబడుతుంది, పెప్రెలా వినబడదు. తుడుం తోలును నిప్పుసెగకు కాచి బిగించాలి. ఏసీ గదిలో నిప్పు ఎక్కడ? కాచని తుడుంను వాయిస్తే చప్పుడు చప్పగా వస్తుంది. 'మీ డప్పు బాగా లేదు, మా దగ్గర కంప్యూటర్‌లో ఉంది' అని దాన్ని పక్కన పెడతారు. ఇదంతా వాళ్లు పగతో చేయరు. వాళ్ల చెవి అట్లా తయారైంది. మన పాటను మన చెవి ఉన్నవాళ్లు పట్టకపోతే, వచ్చే తరం పిల్లలు ఆ దిద్దిన పాటనే అసలైనదనుకొని, తాత వాయించింది తప్పు అనుకుంటారు.

మేం కూడా మొదట్లో అదే తప్పు చేశాం. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నవాళ్లం గనుక టిక్ పెట్టాం. కాళికోం ఊదే పెద్దాయన రెండుసార్లు ప్రయత్నించి, హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టి, "ఇదెవరి కాలు? నాకు కనబడని మనిషి కాలుకు నేనెట్ల ఊదాలె?" అన్నాడు. ఆ రోజు నుంచి టిక్ బంద్. ఇప్పుడు అందర్నీ ఒకేచోట, వీలైతే బయట చెట్టు కింద, ఆడేవాళ్లతో సహా పట్టుకుంటాం. పక్కన నిప్పు ఉంటుంది. కోడి కూత, పిల్లల నవ్వు పడతాయి. పడనీ.

ఇక మన ఇంటి గురించి కూడా మాట్లాడాలి. బయటివాళ్లను తిట్టడం సులువు. మనలో మనం చేసుకున్న అన్యాయం గురించి మాట్లాడటం కష్టం. గోండుల దేవుళ్ల కథలు, వంశాల కథలు తరాలుగా గుర్తుపెట్టుకొని, కిక్రి మీద వాయించి చెప్పింది ఎవరు? ప్రధానులు, తోటీలు. వాళ్లు చెప్పకపోతే ఏ సగ ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలిసేదా? కానీ పంక్తిలో వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాం? తోటీలను ప్రభుత్వం కొలాములతో పాటు అత్యంత వెనుకబడిన ఆదిమ తెగల్లో లెక్కపెట్టింది. కథ మనది అని గోండులం అంటాం. నిజమే, మన దేవుడి కథే. కానీ కళ వాళ్లది. పట్నంవాడు అవ్వ పేరు చెప్పలేదని కోపం తెచ్చుకునే మనం, కిక్రి వాయించినాయన పేరు చెప్పకుండా 'గోండుల సంగీతం' అని రాసుకుంటే, ఆ పట్నంవాడికీ మనకూ తేడా ఏంటి? మా గదిలో ఇది మొదటి నియమం. ఫైలు పేరులో ముందు వాయించినవాళ్ల పేరు, తెగ పేరు, తర్వాతే కథ పేరు.

ఆడవాళ్ల సంగతి కూడా అంతే. నాట్ల పాట, పెళ్లిపాట, జోలపాట, ఏడుపు పాట, మన పాటల్లో సగం కంటే ఎక్కువ ఆడవాళ్ల నోట్లోనే ఉన్నాయి. స్టూడియోకు వచ్చేది మాత్రం మగపిల్లలే. రాత్రిపూట గది తెరిచి పెడితే ఆడపిల్లలు రాలేరు. అందుకని వారానికి రెండు పగళ్లు వాళ్లకే కేటాయించాం. మీటలు నొక్కేది కూడా ఆడపిల్లే. ఆ రెండు రోజుల్లో వచ్చిన పాటలు, మిగతా ఐదు రోజుల్లో మాకెన్నడూ రాలేదు.

అన్ని పాటలూ రికార్డు చేయాలని కూడా మేం అనడం లేదు. ఇది యువకులు బాగా వినాలి. పెర్సాపేన్ ముందు చెప్పే కథకు వేళ ఉంది, చోటు ఉంది, చెప్పే మనిషి ఉన్నాడు, వినే వంశం ఉంది. పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో మెస్రం వంశంవాళ్లు నాగోబాకు చేసే పూజలో, బయటివాళ్లు చూడకూడని భాగాలున్నాయి. ఫోన్ చేతిలో ఉంది గదా అని అన్నీ లైవ్ పెట్టేస్తే అది మన సంస్కృతిని చాటడం కాదు, మన పెద్దల నోరు మూయించడం. కటోడ, వంశ పెద్దలు వద్దంటే మేం మైకు మూసేస్తాం. వద్దని ఎందుకన్నారని కూడా అడగం. ఏ పాట బయటికి పోవచ్చు, ఏది ఊళ్లోనే ఉండాలి, ఏది గాలిలోనే ఉండాలి అన్నది తేల్చాల్సింది మేం కాదు, గూడెం.

తేల్చే అధికారం గూడేనికి ఉందా? ఉంది. 1996 పెసా చట్టం 4వ సెక్షన్‌లో, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రతి గ్రామసభకూ తన ప్రజల సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం ఉందని రాశారు. పెసా అంటే ఇసుక, భూమి, సారా దుకాణం అని మాత్రమే మనం మాట్లాడుకుంటున్నాం. పాట కూడా అందులోనే ఉంది. బయటి నుంచి కెమెరాతో వచ్చినవాళ్లు సర్పంచ్‌తో ఒక ఫొటో దిగి పని కానిచ్చుకుంటున్నారు. ఇకనుంచి గ్రామసభ ముందుకు రమ్మందాం. పట్లా, దేవారి, పాడేవాళ్లు, ఆడవాళ్లు కూర్చున్నచోట వచ్చి, ఏం రికార్డు చేస్తారో, ఎక్కడ పెడతారో, ఎంత ఇస్తారో, ఒక కాపీ ఊరికి ఎప్పుడిస్తారో చెప్పమందాం. రాయి సెంటర్లలో భూమి తగాదాలు, పెళ్లి తగాదాలు తీర్చుకుంటున్నాం గదా, పాట సంగతి కూడా అక్కడ ఎత్తుకుందాం.

'ఇవన్నీ ప్రభుత్వమే చేస్తుంది, అవార్డులు కూడా ఇస్తోంది గదా' అంటారు కొందరు. అవార్డులను మేం తక్కువ చేయం. మార్లవాయి కనక రాజు గారికి గుస్సాడీకి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన ఊళ్లన్నీ పండగ చేసుకున్నాయి. మణుగూరు దగ్గరి కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల కథలను డోలి కొట్టి పాడిన గొంతు అది. 2024లో ఆ ఇద్దరూ వెళ్లిపోయారు. ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. కనక రాజు గారు అడుగు నేర్పుతున్న మాటలు, రామచంద్రయ్య గారు తలపట్టి పాడిన కథ మొదటి నుంచి చివరిదాకా, మీ బడిలో ఒక కంప్యూటర్‌లో ఉన్నాయా? మీ గ్రామంలో ఒక్క పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయా? శాలువా కప్పిన ఫొటోలు మాత్రం మన అందరి ఫోన్లలో ఉన్నాయి. మన పెద్దవాళ్లకు శాలువా కప్పేవాళ్లు చాలామంది. వాళ్ల పక్కన పది రాత్రులు కూర్చునేవాళ్లు కావాలి. ఆ పని ఢిల్లీ చేయదు, హైదరాబాద్ చేయదు. వాళ్ల భాష వచ్చినవాళ్లే చేయాలి.

మన నేల మీద ఇట్లాంటి పని మొదటిసారి కాదు. 1940లలో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం నడిచింది, గోండిలో వాచకాలు వచ్చాయి. గుంజాలలో మన లిపి రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి చేరింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తంలో గోండి మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షలు దాటారు. అయినా 8వ షెడ్యూల్‌లో ఉన్న 22 భాషల్లో గోండి లేదు. కొలామీ మాట కూడా ఎవరూ ఎత్తరు. అక్షరం దగ్గర మనల్ని ఇంతకాలం ఆపారు. కానీ శబ్దం దగ్గర ఆపలేరు. లిపి లేకపోయినా, షెడ్యూల్ లేకపోయినా, మైకు ఏ భాషనైనా వింటుంది.

జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత ఆడవాళ్లు 2008లో సంగం రేడియో మొదలుపెట్టారు. పొలం పని చేసుకునే ఆడవాళ్లే మైకు పట్టుకొని, తమ విత్తనాల గురించి, తమ పాటల గురించి, తమ మాటలోనే చెప్పారు. చదువుకున్న అనౌన్సర్ ఎవరో వచ్చి వాళ్ల తరఫున మాట్లాడలేదు. మాకు దారి చూపినవాళ్లలో వాళ్లున్నారు. మన ఏజెన్సీలో కూడా అట్లాంటి రేడియో రావాలి. దాని కంటే ముందు, రేడియోలో వేయడానికి మన దగ్గర మన రికార్డింగులు ఉండాలి.

స్టూడియో నడపడం అంటే పైసల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పాటల మీద మా గది బతకడం లేదు. ఎన్నికలప్పుడు పార్టీల పాటలు, పెళ్లి వీడియోలకు పాటలు, సంఘాల ప్రచారం మాటలు, బడి పిల్లల నాటకాలు, వీటి మీద వచ్చిన డబ్బుతో అద్దె, కరెంటు బిల్లు కడుతున్నాం. ఏ పార్టీ పాటైనా పాడతాం, కానీ పెద్దల పాట వరస మీద పార్టీ మాటలు కట్టమంటే కట్టం. ఒకసారి అట్లా కాదన్నందుకు పెద్ద పని పోయింది, రెండు నెలల అద్దె బాకీ పడింది. అయినా ఆ నియమం మార్చలేదు. అవ్వ పాట వరస మీద ఓటు అడిగితే, రేపు పసుపు దంచేటప్పుడు పిల్లలకు గుర్తొచ్చేది గుర్తు, పెళ్లి కాదు.

దెబ్బలు తిని నేర్చుకున్న మిగతా నియమాలు కూడా ఇక్కడ రాస్తున్నాం. మీకు పనికొస్తే తీసుకోండి, బాగా లేకపోతే దిద్దండి.

పాడినవాళ్లకు పాడిన రోజే డబ్బు. చీర, శాలువా వేరే, కూలి వేరే. పొలం పని మానుకొని వచ్చినవాళ్లకు ఆ రోజు కూలి కంటే తక్కువ ఇవ్వం.

కాగితం గోండిలోనో, కొలామీలోనో, తెలుగులోనో, ఆ మనిషికి ఏ భాష వస్తే ఆ భాషలో చదివి వినిపిస్తాం. ఆమె ఒప్పుకున్న మాటను కూడా ఆమె గొంతులోనే రికార్డు చేస్తాం. చదివి వినిపించని కాగితం మీద ఎవరు అడిగినా వేలిముద్ర వేయవద్దని అందరికీ చెప్తాం.

రికార్డింగ్ హక్కు మా స్టూడియోది కాదు. పాడినవాళ్లది, గ్రామసభది అని రాసి పెడతాం. మేం కాపలా వాళ్లం మాత్రమే.

ప్రతి పాటకూ మూడు కాపీలు. ఒకటి గదిలో, ఒకటి పాడినవాళ్ల ఊళ్లో, ఒకటి వేరే ఊళ్లో. గది కాలితే పాట కాలకూడదు. మంచి నాణ్యతతో పెట్టుకుంటే గంట పాటకు సుమారు 1 జీబీ పడుతుంది. ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో ఒక ఊరి రాత్రులన్నీ పడతాయి. వాట్సాప్‌లో పంపిన కాపీని అసలు కాపీ అనుకోవద్దు, అది కుదించి పంపుతుంది.

పాడినవాళ్లు చనిపోతే, ఇంటివాళ్లు మళ్లీ సరే అనేదాకా ఆ గొంతు వినిపించం.

ఇప్పుడు టీచర్లకు ఒక మాట. సార్లూ, మేడమ్‌లూ, మీలో చాలామంది మన బిడ్డలే. ఆశ్రమ పాఠశాలల్లో పొద్దున ప్రార్థన నుంచి రాత్రి పడుకునేదాకా పిల్లవాడికి తన భాషలో ఒక్క పాట వినబడని రోజులు ఎన్ని? రాజ్యాంగం 350-ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించమంటోంది. అది ప్రభుత్వం పూర్తిగా చేసేదాకా మనం ఆగనక్కరలేదు. వారానికి ఒక్క పీరియడ్, పిల్లలు తమ నానమ్మ పాటను ఫోన్‌లో రికార్డు చేసి తేవాలని చెప్పండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టమనండి. గాలికి ఎదురుగా కాకుండా, నోటికి జానెడు దూరంలో పెట్టమనండి. పాట మొదలుకాక ముందు పాడేవాళ్ల పేరు, ఊరు, వంశం, ఏ సందర్భంలో పాడతారో, తేదీ చెప్పించమనండి. అట్లా చెప్పించిన ఒక్క నిమిషమే రేపు దొంగ నోటీసు వస్తే మీ సాక్ష్యం. ఆ పాటలోని మాటలను పిల్లలతో రాయించండి, తెలుగు లిపిలోనైనా, గుంజాల లిపిలోనైనా. అది భాషా పాఠమే. మన పిల్లలకు మాటలు రావని అనే సార్లకు ఆ నోటుబుక్ చూపించండి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. దండారి భోగితో మొదలై కోలబోడిదాకా ఊరూరా తిరిగే ఆ రోజుల్లో, మీలో చాలామంది ఫోన్ ఎత్తి పట్టుకొని గుస్సాడీలనే తీస్తున్నారు. నెమలి ఈకల టోపీ అందంగా ఉంటుంది, తీయండి. కానీ ఒక్క రాత్రి ఫోన్ కింద పెట్టి గుమేల పట్టుకోండి. రికార్డింగ్ అంటే దాచుకోవడం మాత్రమే. వాయించే చెయ్యి లేకపోతే దాచుకున్నది ఎవరికి? మా గదిలో వందల గంటలు పేరుకున్నా, రేపు ఒక్క ఊళ్లో పెప్రె ఊదేవాడు లేకపోతే, మేం నడిపింది స్టూడియో కాదు, శ్మశానం. అందుకే మా దగ్గర పాట పట్టడం నేర్చుకోవాలని వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఒక షరతు పెట్టాం. ముందు ఒక వాయిద్యం నేర్చుకొని రావాలి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వాళ్లను వెంట తీసుకొని రావాలి.

ఆ అవ్వ పోయిన ఎండాకాలం మళ్లీ వచ్చింది. ఈసారి మేం పిలవలేదు. తనే వచ్చింది, మనవరాలిని వెంటబెట్టుకొని. రోలు అక్కడే ఉంది. కాగితం చదివి వినిపించాం, చివరిదాకా విని, రెండుచోట్ల ఆపి అడిగి, వేలిముద్ర వేసింది. పాడేముందు మైకుకు దగ్గరగా వంగి తన పేరు, తన తల్లి పేరు, తన ఊరి పేరు చెప్పింది. అప్పుడు రోకలి ఎత్తింది.

మీ ఊళ్లో కూడా ఒక అవ్వ ఉంది. ఈ పుస్తకం మూసి ఆమె ఇంటికి పోండి. ముందు పేరు అడగండి, తర్వాత పాట అడగండి. పెట్టె మాత్రం మీదే తీసుకుపోండి.